కర్పూరం తాగిన పొడి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. బాలాపూర్ లడ్డూ వేలంపాటలో ధర ఎలా ఎక్కుతుందో, నా నోట్లో పడ్డ సంగతీ అలా ఎక్కుతుంది. చినుకు పడితే మూసీ పొంగిందంటాను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో ఎవరైనా కాలు తొక్కితే ఏనుగు తొక్కిందంటాను. మా ఆవిడకు ఈ సంగతి పెళ్లయిన కొత్తల్లోనే అర్థమైపోయింది. అప్పట్నుంచి నేనేం చెప్పినా సగం తీసేసి వింటుంది. మా వైపు చుట్టాల సంగతైతే ముప్పావు తీసేస్తుంది. మీరూ అలాగే చదువుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక్క మనవి మాత్రం ఉంది. ఇందులో ఎక్కడ మీకు ‘ఇది మరీ అన్యాయం’ అనిపిస్తుందో, అక్కడ నేనేమీ కలపలేదు. కలిపే అవసరం నాకు రాలేదు. అబద్ధం వేరే చోట ఉంది. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు వెనక, మెట్రో రైలు వెళ్లినప్పుడల్లా వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి దణ్ణం పెట్టుకునేంత దూరంలో ఉంది. కింద మేము. మేమంటే నేను, మా ఆవిడ, మా అమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి సగం జీవితం గడిచినా మా అమ్మ ఇప్పటికీ హైదరాబాదును పరీక్షిస్తూనే ఉంది, ఇంకా పాస్ చెయ్యలేదు. పైన కిరాయికి ఉండేది నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆయన బస్సులకు రిపేరు చేసే మెకానిక్. ఆమె ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో ఆయా. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తోంది. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు గాని దిగదు.

ఈ పిల్ల విషయంలో కింది అమ్మకూ పై అమ్మకూ ఒక పోటీ ఉండేది. పరీక్ష వస్తోందంటే మా అమ్మ హాల్‌టికెట్ అడిగి తెప్పించుకుని, దేవుడి ముందు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి పంపేది. నా హాల్‌టికెట్లు, స్కూటర్ తాళం, గ్యాస్ పుస్తకం అన్నీ అలా పసుపుపచ్చగా బతికినవే. పైకి వెళ్లాక వాళ్లమ్మ, పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన కొబ్బరినూనె చుక్క కూతురి నుదుట రాసేది. ఆ నూనె చిన్న సీసాలో ఎప్పుడూ ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండేది. జ్వరానికి అదే, కొత్త ఇంటి గుమ్మానికి అదే, వాళ్ల మరిది ఆటో కొన్నప్పుడు హ్యాండిలుకూ అదే. ఇద్దరు దేవుళ్ల సిఫారసుతో పరీక్షలు రాసిన పిల్ల మా గల్లీ మొత్తంలో ఇదొక్కతే.

అసలు నువ్వు చేసేదేమిటమ్మా అని ఒకరోజు మెట్ల మీద నిలబెట్టి అడిగాను. ఫోన్లలోనూ బండ్లలోనూ ఉండే బ్యాటరీలకు భూమిలోంచి తవ్విన కోబాల్టు, నికెల్ లాంటి లోహాలు కావాలట. అవి లేకుండా, మన ఒంట్లో ఉండే కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లతోనే ఒక పొడి తయారు చేస్తోందట. దానినిండా కంటికి కనిపించని రంధ్రాలేనట. ఛార్జి పెట్టినప్పుడు విద్యుత్తును మోసే కణాలు ఆ రంధ్రాల్లోకి వెళ్లి కూర్చుంటాయి. వాడినప్పుడు లేచి బయటికొస్తాయి. రంధ్రాలు ఎక్కువైతే కుర్చీలు ఎక్కువ. నా మొహంలో ఏం కనబడిందో, ఎదురుగా ఉన్న కోచింగ్ పిల్లల హాస్టల్ చూపించింది.

‘‘గా హాస్టల్ అనుకోండి అంకుల్. గదిలకు పోయి, మంచమెక్కి పండుకుంటే బ్యాటరీ. బస్టాప్‌ల లెక్క గోడకు ఆనుకొని నిలబడి, బస్సు రాంగనే ఉరికితే సూపర్‌కెపాసిటర్, అంటే జల్ది ఛార్జయి జల్ది ఇచ్చేది. నా పొడిల రెండూ అయితయి.’’

చెంచాడు పొడిలో ఉన్న లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే మన గల్లీ మొత్తం నిండిపోతుందని కూడా చెప్పింది. ఆ సాయంత్రానికే నేను పెరుగు తెచ్చుకునే కొట్టులో, ఆ పొడి పరిస్తే మూసారాంబాగ్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా కప్పేస్తుందని ప్రకటించాను. మర్నాడు ఆ అమ్మాయి దిగి వచ్చి, గల్లీ అంటే గల్లీయే అంకుల్, హైవే కాదు అని సవరించి పోయింది.

ఒక ఆదివారం చొక్కా గుండీ అంత బ్యాటరీ తెచ్చి, దానికి రెండు తీగలు తగిలించి, నువ్వుగింజంత దీపం వెలిగించింది. నేను నిర్ఘాంతపోయాను. అప్పటికే నేను మా ఇన్వర్టరు అమ్మేద్దామని ఇద్దరితో మాట్లాడి ఉన్నాను. ఇన్నేళ్ల చదువుకు ఇంత దీపమా అని నోటిదాకా వచ్చింది. ఆ నువ్వుగింజ వెలుగులో వాళ్లమ్మ మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆమె ఆ దీపాన్ని చర్చిలో క్రిస్మస్ స్టార్‌ను చూసినట్టు చూస్తోంది. మా అమ్మ మాత్రం సీసాలోని పొడిని పరీక్షగా చూసి, ఎర్రగా ఉంది, కుంకుమ రంగు, శుభం అని తేల్చింది.

ఇక అసలు చిక్కు. ఆ అమ్మాయి పరిశోధనను పరీక్షించే కమిటీలో ఒక పెద్ద ప్రొఫెసరున్నాడు. ఆయన ఈ రంధ్రాలను నమ్మలేదు. ఇలాంటివి పేకమేడలమ్మా, కడిగి ఆరబెడితే కూలిపోతాయి, నీకు మొదటిసారి రంధ్రాల కొలతలో అంత పెద్ద అంకె వచ్చిందంటే అది యంత్రం పొరపాటు అన్నాడట. కొత్తగా ఇంకో విడత పొడి చేసి, ఇంకోచోట, ఇంకో యంత్రం మీద రంధ్రాలు కొలిపించుకుని రమ్మన్నాడు. ఫెలోషిప్ గడువు దగ్గర పడింది. వాళ్ల నాన్న అప్పటికే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లతో మాట్లాడి ఉంచాడు, ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడానికి. ఈ కొలత రాకపోతే చదువు అక్కడితో ఆపి ఆ పనిలో చేరతానని ఈ పిల్ల మాటిచ్చింది. ఉప్పల్ వైపు ఉన్న ఒక ల్యాబులో కాళ్లావేళ్లా పడితే శనివారం పొద్దున యంత్రం ఖాళీ ఉందని రమ్మన్నారు.

శుక్రవారం సాయంత్రం వాన పడుతోంది. పైన వాళ్ల గోడలు చెమ్మెక్కాయి. (నా ఇల్లే, చెమ్మ విషయంలో నేను పెంచను.) ఆ అమ్మాయి తడిసిన చున్నీ కింద ఒక ప్లాస్టిక్ డబ్బా దాచుకుని వచ్చింది. అందులో చిటికెన వేలంత గాజు సీసా, సీసాలో కాస్తంత ఎర్ర పొడి. కొన్ని వారాల పని.

‘‘అంకుల్, ఇది పొద్దుగాల దాంక మీ ఏసీ రూమ్‌ల పెడ్తరా? చెమ్మ తగులొద్దు దీనికి. ఏది దగ్గరికొస్తే అది పీల్చుకుంటది.’’

బ్యాంకు లాకరు కూడా నా అంత గంభీరంగా ఏ వస్తువునూ స్వీకరించి ఉండదు. డబ్బా తీసుకుని ఏసీ గదిలో బీరువా మీద పెట్టాను. తాకితే ఊరుకోనని మా ఆవిడతో అన్నాను, ఆమె తాకదని తెలిసే. మా అమ్మకు ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు వినిపించాను. తర్వాత హాల్లో కూర్చుని, ఇలాంటి మహాకార్యంలో నా పాత్ర గురించి పెరుగు కొట్టులో రేపేం చెప్పాలో ఆలోచించుకుంటూ ఉండిపోయాను. పొద్దున్నే పైనుంచి వాళ్లమ్మ దిగి వచ్చి, బిడ్డ తయారవుతోంది, డబ్బా ఇయ్యమంది అంటే తీసి ఇచ్చాను. డబ్బా ఉన్నచోటే ఉంది. నేను లాకరునని మరోసారి గర్వపడ్డాను.

శనివారం సాయంత్రం ఆ అమ్మాయి తిరిగొచ్చింది. గేటు తీసిన చప్పుడు కాలేదు, మెట్లెక్కిన చప్పుడూ కాలేదు. నేను చెప్పులేసుకుని బయటికి వస్తే మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. డబ్బా ఒళ్లో ఉంది. అంకె ఎంతొచ్చిందమ్మా అని హుషారుగా అడిగాను.

‘‘రంధ్రాలు లెవ్వంకుల్’’ అంది. ‘‘ఏం లెవ్వు. రాయి లెక్క ఉన్నది.’’

నేను జీవితంలో చాలాసార్లు అదిరిపడ్డాను. కరెంటు బిల్లు చూసి, పెళ్లిచూపుల్లో మా బావమరిదిని చూసి. కాని అవన్నీ అదిరిపాటు పేరు చెప్పుకుని తిరిగే చిల్లర సంగతులని ఆ నిమిషంలో తెలిసింది. గల్లీ మొత్తం పరిచే గోడలున్న పొడి, ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకుని రాయైపోయింది. ఆ పిల్ల మెల్లగా చెప్పుకుంటూ పోయింది. మొదటి అంకే తప్పయి ఉంటుందట, ఆ సార్ చెప్పిందే నిజమట, ఇన్నాళ్లూ లేని రంధ్రాల మీద పుస్తకం రాస్తోందట. అదేదో కూరలో ఉప్పెక్కువైందన్నట్టు చెబుతోంది.

అప్పటికి మా ఆవిడా, మా అమ్మా గుమ్మంలోకి వచ్చారు. పిల్ల మాటల మధ్యలో ఒక చిన్న సంగతి జారింది. యంత్రంలో పెట్టేముందు పొడిలోని గాలీ తేమా పోవడానికి గాలి లాగేసి వేడి చేస్తారట. ఆ గొట్టం విప్పగానే కర్పూరం వాసన గుప్పుమందట. యంత్రం దగ్గరుండే ఆయన, గుడికి పోయొచ్చినవా అమ్మా అని నవ్వాడట. మాది చర్చి సార్ అందట ఈ పిల్ల.

నేను మా అమ్మ వైపు తిరిగాను. మా అమ్మ ఎన్నడూ లేనిది, వాన వెలిసిందా లేదా అని ఆకాశం చూస్తోంది.

‘‘అమ్మా’’ అన్నాను.

‘‘శుక్రవారం కదరా’’ అంది. ‘‘దీపం పెట్టేటప్పుడు దేవుడి దగ్గర పెట్టా. హారతిచ్చి మళ్లీ నీ బీరువా మీదే పెట్టేశా. మూతేసి పెడితే దేవుడికి ఎలా కనబడుద్ది, అందుకని కాస్త తీశా. ఏది దగ్గరికొస్తే అది పీల్చుకుంటదని నువ్వేగా చెప్పావు. మరి దగ్గర దేవుడుంటే మంచిదేగా.’’

మా అమ్మ తర్కంలో తప్పు ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు. పైగా అది విజ్ఞానశాస్త్రం విని, అర్థం చేసుకుని చేసిన పని. ఆ అమ్మాయి మొహంలోకి ఒక్కసారిగా రక్తం వచ్చింది. అంటే పొడి తప్పు కాదు, లోపల కర్పూరం కూర్చుంది, అంతే! మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. మా ఆవిడ కాఫీ పెడతానని లేవబోయింది. అంతలో ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

‘‘కాదు అమ్మమ్మా. కర్పూరం ఆగదు, వేడి చేస్తే పోతది. పోయింది గాబట్టే వాసనొచ్చింది. ఇంకేదో ఉన్నది లోపల. వేడికి పోనిది.’’ సీసాను వెలుతురుకు పట్టి చూసింది. పొద్దున తూచేటప్పుడే పొడి ముద్ద కట్టి గాజుకు అంటుకుందని, చెమ్మ అనుకున్నానని గొణుక్కుంది.

సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ డ్యూటీ దిగి వచ్చింది. గేటు దగ్గర నిలబడే ఉంది, ఎప్పట్నుంచో తెలియదు. దవాఖాన నీలం చీర మీదే ఉంది. హ్యాండ్‌బ్యాగును రెండు చేతులా పొట్టకు అదుముకుంది. ఆ బ్యాగును చూడగానే నా వెన్నులో రైలు వెళ్లింది.

‘‘రెండు సుక్కలే ఏసిన బిడ్డా’’ అంది. ‘‘పాస్టరయ్య ప్రార్థన చేసిచ్చిన నూనె. పొద్దుగాల మెట్ల మీద. ఏది దగ్గరికొస్తే అది పీల్చుకుంటదని నువ్వే అంటివి గద.’’

అప్పుడు ఆ అమ్మాయి అరిచింది. ఎలా అరిచిందనుకున్నారు? ఎల్బీనగర్ రింగురోడ్డు మీద సిగ్నళ్లన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి. చైతన్యపురి దగ్గర మెట్రో రైలు పట్టాల మీదే ఆగి చెవులు మూసుకుంది. హాస్టల్ పిల్లలు కిటికీల్లోకి వచ్చి, ఇది ఏ కోచింగ్ సెంటర్ గంటా అని చూశారు. ‘‘నా చదువు మీద ఎవరి దేవుణ్ణి వాళ్లు పోస్తే నేనేం కావాలె!’’ అని అరిచింది. గోడ మీది పిల్లి దూకి వనస్థలిపురం దాకా ఆగలేదు.

మర్నాడు ఆదివారం. వాళ్లమ్మ చర్చికి వెళ్లింది గాని, హ్యాండ్‌బ్యాగు తీసుకెళ్లలేదు. మా అమ్మ దీపం పెట్టింది గాని, కర్పూరం డబ్బా ముట్టలేదు. సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద ఒకే చేటలో గోంగూర ఒలుస్తూ కూర్చున్నారు. మామూలుగా గోంగూర దగ్గరే వాళ్లిద్దరికీ పెద్ద యుద్ధం. పండుమిర్చి వెయ్యాలని మా అమ్మ, ఎండుమిర్చేనని ఆమె. ఆరోజు ఏ మిర్చీ లేదు. ఒక ముదురు కాడను ఇద్దరూ ఒకేసారి తీసి పారెయ్యబోయి, చేతులు తగిలి, ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. కాసేపటికి వాళ్లమ్మ, ‘‘కోచింగ్‌ల గూడ మంచిగనే ఉంటదంట పెద్దమ్మా’’ అంది. మా అమ్మ తను ఒలిచిన ఆకంతా ఆమె వైపు నెట్టింది.

సోమవారం ఆ అమ్మాయి సీసా పట్టుకుని తన ల్యాబుకు పోయింది. తర్వాత నాకు చెప్పినదాన్నిబట్టి, పొడిని కాగితపు గొట్టంలో పెట్టి, కింద నూనెను కరిగించే ఒక ద్రావకాన్ని మరిగించిందట. అది ఆవిరై పైకెక్కి, చల్లబడి, చుక్కచుక్కగా పొడి మీద పడి, కడిగి కిందికి దిగుతుంది. మళ్లీ మరుగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. రాత్రీ పగలూ ఆగని అభ్యంగన స్నానమన్నమాట. నూనె కొద్దికొద్దిగా కిందికి దిగింది. మిగిలిన భయం ఒక్కటే, ఆ ప్రొఫెసరు చెప్పినట్టు ఇంత కడిగి ఆరబెట్టాక లోపలి గోడలు నిలుస్తాయా అని. రంధ్రాల్లోంచి నూనె పోవచ్చు. దాంతోపాటు రంధ్రాలే పోవచ్చు.

యంత్రం మళ్లీ దొరకడం కూడా ఒక వింతే. ఎవరో రాలేదని, ఆ నవ్విన ఆయనే ఫోన్ చేసి పిలిచాడు. కర్పూరం సంగతేమైందో తెలుసుకోవాలని ఆయనకు అన్నం సయించడం లేదట. ఈ మాట నేను కలిపాను, క్షమించాలి. పిలిచిన మాట నిజం.

ఆ సాయంత్రం మేం నలుగురం హాల్లో వాళ్లమ్మ ఫోను చుట్టూ కూర్చున్నాం. ఆమె, మా అమ్మ, మా ఆవిడ, నేను. ప్రార్థన చెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆ ఇంట్లో అంత నాస్తికత్వం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఫోను మోగింది. ఆమె స్పీకరు పెట్టడం తెలియక చెవికి పెట్టుకుంది. విని, ఫోను మా అమ్మ చెవికి పెట్టింది. మా అమ్మ విని, ‘‘గోడలు నిలబడ్డాయట’’ అంది.

అంకె మొదటిసారి వచ్చినంతే వచ్చింది.

ఇంతటితో అయిపోతే మామూలు సంగతి. కాని ఆ అమ్మాయి అంతటితో వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పూజాసామగ్రి కొట్టుకు వెళ్లి కర్పూరం, కిరాణాకొట్టుకు వెళ్లి కొబ్బరినూనె తనే కొని, ల్యాబులో పొడికి కావాలనే తాగించింది. కడిగింది, ఆరబెట్టింది, కొలిచింది. మళ్లీ తాగించింది. ప్రతిసారీ రంధ్రాలు నిండాయి, ప్రతిసారీ ఖాళీ అయ్యాయి, గోడలు పడలేదు. కడిగిన పొడితో చేసిన గుండీ బ్యాటరీ కూడా మునుపటిలాగే ఛార్జి పట్టింది. కమిటీ కూర్చున్న రోజు ఆ పెద్ద ప్రొఫెసరు కాగితాలు రెండుసార్లు తిప్పి చూసి, పేకమేడ మాట ఉపసంహరించుకున్నాడట. అయితే ఆయనకు ఒక్కటే అర్థం కాలేదు. కర్పూరంతో పరీక్ష చెయ్యాలన్న ఆలోచన నీకెలా వచ్చిందమ్మా, నేనెక్కడా చదవలేదే అని అడిగాడు.

‘‘మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు సూచించారు సార్’’ అని చెప్పిందట.

ఫెలోషిప్ పొడిగించారు. కోచింగ్ సెంటర్‌కు వాళ్ల నాన్నే వెళ్లి, మా బిడ్డ రాదని చెప్పి వచ్చాడు. ఆ ఇద్దరు పెద్దవాళ్లూ ఇప్పుడు మా గల్లీలో శాస్త్రవేత్తలుగా చలామణీ అవుతున్నారు. పెరుగు కొట్టులో ఆ ప్రచారం ఎవరు చేశారో నేను చెప్పను.

ఇక నేనిచ్చిన మాట. కర్పూరం నిజం, నూనె నిజం, ఇద్దరూ ఒకే మాట పట్టుకుని ఒకే పని చెయ్యడం నిజం, కమిటీకి చెప్పిన జవాబు అక్షరం పొల్లుపోకుండా నిజం. నేను కల్పించింది ఆ అరుపు. పిల్లి, రైలు, సిగ్నళ్లు మీరు ఎలాగూ తీసేసి ఉంటారు. వాటిని కాదు, అసలు అరుపునే కల్పించాను. దేవుణ్ణి పొయ్యడం గురించిన ఆ వాక్యమూ నాదే. ఆ పిల్ల అలాంటి మాట అనలేదు, అనే పిల్ల కాదు.

వాళ్లమ్మ రెండు చుక్కల సంగతి చెప్పాక ఆ అమ్మాయి సీసా మూత ఒకసారి తీసి, లోపలికి చూసి, మళ్లీ మెల్లగా బిగించింది. గేటు దగ్గర బ్యాగు అదుముకుని నిలబడ్డ మనిషిని చూసి, ‘‘పొద్దట్నించి ఏమన్న తిన్నవా అమ్మా?’’ అంది. లేచి పైకి వెళ్లి పొయ్యి వెలిగించింది. అంతే జరిగింది. నాకు అది ఎలా రాయాలో తెలియలేదు, దాన్ని ఏ వైపు పట్టుకుని పెంచాలో అసలే తెలియలేదు. అందుకని అరిపించాను.

మా ఆవిడ ఇది చదివి, ఆ అరుపు దగ్గర ఆగి, పిల్ల చూస్తే నొచ్చుకుంటుంది, తీసెయ్యండి అంది. తీసేసి చూశాను. మెట్ల మీద మేము, బిగుసుకుంటున్న మూత చప్పుడు, ఆ తర్వాత పైన అగ్గిపుల్ల గీసిన చప్పుడు. అది మళ్లీ వినలేక, అరుపును ఉన్నచోటే ఉంచేశాను.